కోడి ప్యాకెట్ మీద మనిషి

ఆయనకు సొంతంగా అడుగు నేల లేదు. తాపీ పనికి వెళ్ళేవాడు. పరంజా మీంచి పడి భుజం దెబ్బ తిన్నాక ఇటుకలు మోయలేక కోళ్ళ షెడ్డులో చేరాడు. ఆ షెడ్డులోనే జుట్టు తెల్లబడింది. అయినా వీధిలో ఆయన్ని అందరూ ‘ఫొటో రైతు’ అంటారు. మొదట్లో ఆ పిలుపులో కాస్త ముచ్చట ఉండేది.

షెడ్డంటే పొడవాటి రేకుల కొట్టం. కిటికీలు లేవు, పెద్ద పెద్ద ఫ్యాన్లు మాత్రం రొద పెడుతూ తిరుగుతుంటాయి. కింద ఊక పరిచి ఉంటుంది కానీ అది కంటికి కనబడదు, అంత కిక్కిరిసి ఉంటాయి కోళ్ళు. పొద్దున్నే లోపలికి వెళ్ళి చచ్చినవాటిని ఏరి బకెట్లో వేయడం, మేత గొట్టాలు దులపడం, కోళ్ళకి జబ్బులు రాకుండా నీళ్ళ ట్యాంకులో మందు కలపడం ఆయన పని. లోపలి రెట్టల ఘాటుకి కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. “కొత్తవాళ్ళెవరైనా చూస్తే నా మొగుడు తాగుబోతు అనుకుంటారు” అని భార్య నవ్వేది.

ఒకరోజు మేనేజరు షెడ్డుకొచ్చి పనివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి మొహాలు చూశాడు. ఈయన దగ్గర ఆగాడు.

“పెద్దాయనా, ఏదీ ఒకసారి నవ్వు.”

నవ్వాడు. బుగ్గలు, కళ్ళ చివరలు ముడతలు పడ్డాయి. “ఇదే కావాలి. ఈ మొహం చూస్తే ఎవరైనా నమ్ముతారు” అన్నాడు మేనేజరు.

కారులో ఎక్కడో ఎవరిదో పచ్చిక బయలుకి తీసుకెళ్ళారు. ఉతికిన గళ్ళ చొక్కా తొడిగారు, నెత్తిన గడ్డి టోపీ పెట్టారు. షెడ్డు నుంచి తెచ్చిన కోడిని గడ్డిలో వదిలితే అది కాళ్ళు మడిచి అక్కడే కూలబడింది. లేపి నిలబెడితే మళ్ళీ కూలబడింది. ఎండ మొహం ఎప్పుడూ చూడలేదేమో, కళ్ళు మూసుకుంది.

“ఏంటిది, దీనికి నడవడం రాదా?” అని ఫొటోగ్రాఫర్ విసుక్కున్నాడు.

“ఎప్పుడు నడిచింది కనక బాబూ?” అన్నాడు ఆయన.

చివరికి ఆ పొలం వాళ్ళ పెరట్లోంచి ఒక ఎర్రకోడిని అరువు తెచ్చారు. అది ఆయన చేతిలో ఒక్క క్షణం ఊరుకోకుండా బొటనవేలు పొడిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు, ఆయనకీ నవ్వాగలేదు. ఆ నవ్వే ఫొటోలో పడింది.

కొద్దిరోజుల్లో సూపర్‌మార్కెట్ ఫ్రీజర్ల నిండా ఆయన మొహమే. కింద మూడు వాక్యాలు: ‘పచ్చిక బయళ్ళలో స్వేచ్ఛగా పెరిగిన కోడి. మందులు లేని పెంపకం. మా రైతు చేతి నమ్మకం.’

భార్య ఆ లేబుల్ని జాగ్రత్తగా ఊడదీసి అద్దం పక్కన అంటించింది. “పెళ్ళిలో కూడా ఇంత అందంగా లేవయ్యా” అంది. ఆయనా మురిసిపోయాడు. రాసినదంతా అబద్ధమని తెలియక కాదు. ప్యాకెట్ల మీద రాసే మాటలు ఎవరు చదువుతారులే అనుకున్నాడు.

పక్కింటి దర్జీ ఆవిడ చదివింది. ఆవిడ తల్లి ఒంట్లో చీము పట్టి, అది ఏ మందుకీ లొంగక, ఆమె ఆసుపత్రిలో చావు అంచుల దాకా వెళ్ళి తిరిగొచ్చింది. మందులు పెట్టి పెంచిన కోళ్ళు తినొద్దని డాక్టర్లు చెప్పారు. మామూలు కోడి కంటే ఇది బాగా ఖరీదు. అయినా తాను పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుని తల్లి కోసం ఇదే కొనేది.

“అన్నయ్యా, అమ్మకి నీ కోడితోనే సూపు కాచి పెడుతున్నా” అంది గోడ మీంచి. “ఎవరో ఊరూపేరూ లేనివాళ్ళయితే నమ్మేదాన్ని కాదు. నువ్వు కళ్ళెదురుగా ఉన్నావు కదా.”

“మంచిదమ్మా” అన్నాడు.

మర్నాడు మందు కలపబోయి డబ్బా కింద పెట్టేశాడు. తిన్నగా మేనేజరు గదికి వెళ్ళాడు.

“మందులు లేని పెంపకం అని వేశారు కదండీ. మరి నేను రోజూ కలిపేదేంటి?”

“కోళ్ళని కోసే ముందు కొన్నాళ్ళు మందు ఆపేస్తాం కదా? మాంసంలో మిగలదు. అంటే లేనట్టే.”

“మరి ఆ పచ్చిక?”

మేనేజరు నవ్వి షెడ్డు చివర ఉన్న చిన్న తలుపు వైపు వేలు చూపించాడు. “అది తీస్తే బయట గడ్డి లేదూ?”

“జబ్బులొస్తాయి, దాన్ని తీయొద్దని మీరే కదండీ అన్నారు!”

“తీయొద్దన్నాం. లేదనలేదుగా.”

ఆ సాయంత్రం దర్జీ ఆవిడ ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కుట్టు మిషన్ ఆగిపోయింది. ఆవిడ చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“నోరు రాలేదమ్మా. కంపెనీ వాళ్ళు...”

“కంపెనీ వాళ్ళెవరో నాకేం తెలుసు? నేను నీ మొహం చూసి కొన్నాను.”

ఆవిడ ఊరుకోలేదు. పై అధికారులకు ఫిర్యాదు చేసింది. ఒక అధికారి వచ్చి షెడ్డంతా తిరిగాడు. తన ముందు ఆ చిన్న తలుపు తీయించాడు. వెలుతురు లోపలికి పడింది కానీ ఒక్క కోడీ అటు కదల్లేదు. “దారైతే ఉంది. వెళ్ళకపోతే అది వాటి ఇష్టం” అన్నాడు అధికారి. మందు సంగతి అడిగితే, కోసే నాటికి మాంసంలో మిగలకపోతే చాలు, నిబంధన అంతేనన్నాడు. లేబుల్లో ఒక్క అక్షరం మారలేదు.

మారింది ఆయన బతుకే. ఆ వారంలోనే పనిలోంచి తీసేశారు. పోనీ, కనీసం తన ఫొటో అయినా తీసేయమని బతిమాలాడు.

“ఫొటో తీసిన రోజే కాగితం మీద సంతకం పెట్టావు పెద్దాయనా. ఆ మొహం ఇప్పుడు మాది” అన్నాడు మేనేజరు, ఏదో సరదాకి అన్నట్టు.

కంపెనీని తిట్టాలంటే ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఈయనేమో రోజూ వీధిలో కనబడతాడు. పాలవాడు సైకిలాపి, “ఏం ఫొటో రైతూ, కోళ్ళు గడ్డి బాగా మేస్తున్నాయా?” అని అడిగేవాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కిసుక్కున నవ్వేవాళ్ళు. నిజం చెప్పిందీ ఈయనేనని ఎవరికీ గుర్తు లేదు. గుర్తున్నవాళ్ళు, “పట్టుబడతానని భయపడి చెప్పాడు” అన్నారు. భార్య ఒక మధ్యాహ్నం కత్తితో ఆ లేబుల్ని గీకేసింది. ఏమీ అనలేదు. అని ఉంటే ఆయనకి కాస్త బాగుండేది.

మొహం దాచుకోవడానికి గడ్డం పెంచాడు. సిమెంటు గోడౌనుకి కాపలా పని దొరికింది.

ఏడాది గడిచాక, భార్య సబ్బులు తెమ్మంటే సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాడు. ఇంకా తన మొహమే ఉన్న ఫ్రీజర్ల పక్కనుంచి తల వంచుకుని పోతుంటే దర్జీ ఆవిడ ఎదురుపడింది. ఆ సాయంత్రం తరవాత ఇద్దరికీ మాటల్లేవు. ఆవిడ చేతిలో వేరే కంపెనీ కోడి ఉంది. దాని మీద తలకు గుడ్డ కట్టుకున్న ఒకావిడ, ఒడిలో కోడిపిల్లతో, నిండుగా నవ్వుతోంది.

ఆయన ఉండబట్టలేక అడిగేశాడు. “ఆవిడెవరో నీకు తెలుసా అమ్మా?”

“తెలీదు” అంది. “అందుకే కొంటున్నా. రేపు ఇదీ అబద్ధమని తేలితే, ఎవరో పరాయిది మోసం చేసిందిలే అనుకుంటాను.”

ప్యాకెట్‌ని బుట్టలో వేసుకుని కౌంటర్ వైపు వెళ్ళిపోయింది. మీ అమ్మ ఎలా ఉందని అడగాలని ఆయన నోటి దాకా వచ్చింది. ఆ ముసలామె కోలుకుందో, మంచాన పడిందో, అసలు ఉందో లేదో పక్కింట్లోనే ఉన్నా ఆయనకి తెలియదు. ఫ్రీజర్ దగ్గర చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, సబ్బులు ఏ వైపున్నాయో షాపు కుర్రాళ్ళని అడగడానికి కూడా మొహం ఎత్తలేక, ఆయన అక్కడే కాసేపు నిలబడిపోయాడు.