దవడలో మిగిలింది

పిల్లల్ని చూసుకునే ఆ కేంద్రంలో మిగతా ఆయాలు చంటివాళ్లని గుండెకి ఆనించి ఎత్తుకుంటారు. ఈవిడ మాత్రం వాళ్ల ముఖం అవతలికి తిప్పి, తన ముఖానికి ఎడంగా ఎత్తుకుంటుంది. "ఏంటక్కా, లోకమంతా ఇప్పుడే చూపించెయ్యాలా?" అని తోటి ఆయా ఎకసెక్కం. ఈవిడ నవ్వేసి బిడ్డని ఇంకాస్త ఎడంగా జరుపుతుంది. నాలుగేళ్ల కిందట ఓ పెద్ద షాపులో కౌంటరు ఉద్యోగానికి వెళితే ముఖం పలకలా ఉందన్నారు. ఆపరేషన్ చేయించి, రెండువైపులా దవడ ఎముక చెక్కించుకుని చేరింది. ఏడాదికే షాపు మూతపడింది, చెక్కిన దవడ మాత్రం ఉండిపోయింది. అప్పట్నుంచీ గట్టివేవీ కొరకదు. బస్సులో కడ్డీకి ఎడంగా నిలబడుతుంది. ఖాళీ దొరికితే చెవికింద వేలితో తట్టి, గోడలో బోలు వెతికే మేస్త్రీలా చెవి రిక్కిస్తుంది.

నిన్న ఉయ్యాల్లోంచి తీస్తుంటే ఏడాది పాప ఒక్క ఎగురు ఎగిరి, నడినెత్తితో ఈవిడ దవడకింద ఠపీమని కొట్టింది. పాప గుక్కపట్టింది. ఈవిడ నోరు తెరిచి, మూసి, నాలుకతో పళ్లన్నీ తడుముకుంది. ఏమీ విరగలేదు. ఆ వింత చూస్తూ పాప ఏడుపు మర్చిపోయింది. దాన్ని మొదటిసారి గుండెకి హత్తుకుని, నెత్తిమీద అరచెయ్యి అడ్డంపెట్టి, దవడ చెక్కిన ఆస్పత్రికి ఫోన్ చేసింది.

"నా దవడలో తీసిన ఎముకెంతో అప్పుడు వేలిమీద చూపించారు. మిగిలిందెంతో ఎవరూ చెప్పలేదు. దెబ్బ తగిలితే తట్టుకుంటుందా?"

"అలా ఎవరూ అడగరండీ..."

"నేనడుగుతున్నాగా. డాక్టరుగారొచ్చేదాకా లైన్లోనే ఉంటా."