నల్లరంగు పూసిన హైబ్రిడ్

కొత్త స్టీలు గిన్నెల మీద అంటించే స్టిక్కర్ల గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు. గిన్నె పదేళ్ళు ఉంటే స్టిక్కరు పన్నెండేళ్ళు ఉంటుంది. గోటితో గీకితే సగం వస్తుంది. మిగతా సగం బంకగా మారి, కొంచెం కొంచెం మసి పట్టుకుని, ఆ ఇంట్లో గిన్నెలు సరిగ్గా తోమరన్న కబురు వచ్చిపోయే చుట్టాలకు చెబుతూ ఉంటుంది. మా ఇంట్లో ఈ పంచాయితీ చాలాకాలం నడిచింది. కొబ్బరినూనె రాసి ఒక పూట వదిలేస్తే స్టిక్కరు ఊడి వస్తుందని చివరికి నేనే కనిపెట్టాను. అచ్చువేసిన అక్షరమైతే నూనెకు లొంగదు. దానికి గోళ్ళరంగు తుడిచే మందు కావాలి. ఈ రెండో విద్య ఇంట్లో పనికి రాలేదు గానీ దుకాణంలో పనికొచ్చింది.

బీదర్‌లో నాది ఆట సామాన్ల దుకాణం. క్యారమ్ బోర్డులు, క్రికెట్ బ్యాట్లు, బళ్ళలో గెలిచిన పిల్లలకిచ్చే కప్పులు ముందు వరసలో ఉంటాయి. వెనక గోడకు ఆనించి గోల్ఫ్ కర్రలు. హైదరాబాద్‌లో ఒకరు వాడి వదిలేసినవి తెచ్చి, తుడిచి అమ్ముతాను. ఎం.ఏ. చదివి దుకాణం పెట్టినవాణ్ణి కాబట్టి ఊరికే అమ్మడం నామోషీ అనిపించి, ఈ కర్రల మీద దొరికిందల్లా చదివాను. ఆడింది మాత్రం రెండుసార్లే. రెండోసారి కూడా మొదటిసారిలాగే ఉండటంతో మానేశాను.

మైదానం నౌబాద్ దాటాక ఉంటుంది. మైదానం అంటే గట్టి ఎర్ర మొరం నేల. వానాకాలం మూడు నెలలు పచ్చగా ఉంటుంది, మిగతా తొమ్మిది నెలలు మోసం బయటపడుతుంది. ఆడేవాళ్ళు అంతా కలిపి ఇరవై మంది ఉండరు. అందరూ ఆదివారం ఆటగాళ్ళే. ఈ ఇరవై మందికీ ఏ కర్ర సరిపోతుందో తేల్చే పని నాది.

అదేం బ్రహ్మవిద్య కాదు. ఫేర్‌వే వుడ్ అని ఒకటి ఉంది. పేరుకు కట్టె, ఇప్పుడు చేసేది మాత్రం లోపల బోలుగా ఉండే లోహంతో. తల పెద్దది, కాడ పొడుగు. నేల మీద ఉన్న బంతిని దూరం పంపడానికి పుట్టింది. మెత్తటి పచ్చిక ఉన్నచోట అది బంతి కిందనుంచి జారిపోతుంది. మా మొరం మీద మాత్రం నేలను తాకి ఎగిరి, బంతిని నెత్తి మీద మొడుతుంది. బంతి లేవదు, కుందేలులా నేలబారున ఉరికి తుమ్మపొదల్లో దూరుతుంది. రెండోది హైబ్రిడ్. అది వుడ్‌కూ మామూలు ఇనుప కర్రకూ పుట్టిన బిడ్డ. తల చిన్నది, కాడ పొట్టిది, బంతిని తొందరగా గాల్లోకి లేపుతుంది. కొత్తవాడికి, పెద్దవాడికి, వారానికి ఒక్కనాడు ఆడేవాడికి అదే దిక్కు. మూడో నంబరు వుడ్ మీకు వద్దు, అంతగా వుడ్డే కావాలంటే ఐదో నంబరు తీసుకోండి, అన్నిటికంటే హైబ్రిడ్ మేలు అని అందరికీ చెబుతాను. అందరూ శ్రద్ధగా వింటారు. విని మూడో నంబరు వుడ్ కొనుక్కుని పోతారు.

ఆ పైన కాడ సంగతి. గట్టి కాడ మీద ఎస్ అని ఉంటుంది, మామూలుదాని మీద ఆర్. పెద్దవాళ్ళ కాడ మీద ఏ, ఆడవాళ్ళ కాడ మీద ఎల్. కొట్టే వేగం ఎంత తక్కువైతే కాడ అంత మెత్తగా ఉండాలి. మెత్తటి కాడ వంగి, చేతిలో లేని బలాన్ని తను ఇస్తుంది. కానీ పెద్దవాళ్ళ అక్షరం ఉన్న కర్ర ఈ ఊళ్ళో నా చేతుల మీదుగా ఒక్కటి కూడా అమ్ముడుపోలేదు. డెబ్బై దాటిన ఒకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "మా నాయనకైతే పనికొచ్చు, ఆయన లేడాయె" అని గోడకు పెట్టేశాడు. ఆ సాయంత్రమే గోళ్ళరంగు మందుతో అక్షరం చెరిపాను. మర్నాడు ఆయనే వచ్చి అదే కర్ర కొన్నాడు. ఇప్పటికీ బాగా ఆడుతున్నాడు.

ఎవరికి ఏ కాడ పడుతుందో తేల్చడానికి నా దగ్గర మిషను లేదు, షట్టరు ఉంది. మధ్యాహ్నం దాన్ని సగం దించి పెడతాను. ఒంటి చేత్తో ఎత్తి వచ్చేవాడికి మామూలు కాడ. రెండు చేతులతో ఎత్తేవాడికి పెద్దవాళ్ళ కాడ. ఎత్తకుండా నడుం వంచి దూరి వచ్చేవాడికి ఏమీ అమ్మను, క్యారమ్ బోర్డు చూపిస్తాను.

మామ వచ్చిన రోజు షట్టరు బయట చెప్పులు కనిపించాయి. కుడి చేతిలో కర్ర ఉన్నట్టుంది, ఎడమ చెయ్యి షట్టరు అంచు మీద పడింది, కాసేపు ఉంది, జారింది. మళ్ళీ పడింది, మళ్ళీ జారింది. నేను లెక్క పెట్టుకుంటూ కూర్చున్నాను. నాలుగోసారికి లేచి ఎత్తాను.

ఆయన మా అమ్మకు దూరపు అన్న. చిట్గుప్పలో విత్తనాలు, పురుగుమందుల దుకాణం నడిపి, అమ్మేసి, బీదర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. రెండేళ్ళ కింద ఎడమ పక్కకు పక్షవాతం తాకింది. మాట తిరిగి వచ్చింది, కాలు తిరిగి వచ్చింది. చెయ్యి ఇంకా వస్తూనే ఉంది. అయినా ప్రతి ఆదివారం ఒక డాక్టరుతో, ఒక కాంట్రాక్టరుతో, బ్యాంకులో చేసి రిటైరైన ఒకాయనతో కలిసి నలుగురి జట్టులో ఆడేవాడు.

"అల్లుడూ, గీ కర్ర పని చేస్తలేదు" అన్నాడు, తన మూడో నంబరు వుడ్ బల్ల మీద పెట్టి.

"కర్రకేమైంది మామా? దానికి రాలేదు గదా పక్షవాతం."

మామ నవ్వాడు. నా మాటలకు నవ్వే కొద్దిమందిలో ఆయన ఒకడు.

"జర చూడు. ఆరో గుంతకాడ నాలా దాటుతలేదు బంతి. వాళ్ళు నా కోసం నిలవడాల్సి వస్తున్నది. ఇంక నాలుగు ఐతారాలు చూస్తమన్నరు. గప్పటికీ దాటకుంటే నా జాగల సిమెంటు దుకాణపాయనను పెట్టుకుంటరట."

"ఎవరన్నరు?"

"డాక్టర్ సాబ్. నవ్వుకుంటనే అన్నడు."

"నవ్వుకుంట అన్నడంటే ఖాయమే మామా."

"ఐతారం పోతే నాకు ఇంకేమున్నది? సోమారం సంది శనారం దాకా మీ అత్త గోలీలిస్తది, నేను మింగుత."

ఆరో గుంతకు అడ్డంగా పారే ఆ నాలా దాటాలంటే బంతి గాలిలో నూట ఇరవై గజాలు పోవాలి. మామ చేతికి మూడో నంబరు వుడ్‌తో అది జరిగే పని కాదు. అందులో పడ్డ బంతులను నీళ్ళు తగ్గాక ఏరించి, కడిగి, నేను మళ్ళీ అమ్మేవాణ్ణి. మామ బంతులు మామకే అమ్మిన సందర్భాలు ఉన్నాయి. ఆ లెక్కన ఆయన నాలా దాటడం నా వ్యాపారానికి మంచిది కాదు. అయినా చుట్టరికం ఒకటుంది కదా అని, వెనక గోడ దగ్గర ఎవరూ ముట్టని ఒక హైబ్రిడ్ తీశాను. ఐదో నంబరు, దూది అంత తేలిక. ఆడవాళ్ళ కర్ర. కాడ మీద ఎల్ అక్షరం, తల వెనక గులాబి గీత. అక్షరం మందుతో పోయింది. గీత మీద నల్లరంగు రెండు పూతలు వేశాను. మర్నాడు మామ చేతికి ఇచ్చాను.

"అక్షరం లేదేంది?" అన్నాడు.

"కొత్త కంపెనీ మామా. వాళ్ళు అక్షరాలు పెట్టరు."

మామ పిడి పట్టుకుని, కర్రను నేలకు ఆనించి, కొంచెం సేపు నా ముఖం చూశాడు. మంచిదన్నాడు. తీసుకుపోయాడు.

ఆదివారాలు బంతులు అమ్ముకోవడానికి నేనూ మైదానానికి పోతాను కాబట్టి అంతా కళ్ళారా చూశాను. మొదటి ఆదివారం ఆరో గుంత దగ్గర మామ కర్ర ఊపాడు. ఆ ఊపుకు దోమ కూడా పక్కకు జరిగేది కాదు. బంతి మాత్రం లేచింది. నాలా దాటి అవతలి ఒడ్డు మీద పడి రెండుసార్లు ఎగిరింది. బ్యాంకాయన చప్పట్లు కొట్టబోయి, కాంట్రాక్టరు వైపు చూసి మానుకున్నాడు. రెండో ఆదివారం కూడా దాటింది. మూడో ఆదివారం కూడా. డాక్టరు ఇక సిమెంటు దుకాణపాయన పేరు ఎత్తడం మానేశాడు. నడిచేటప్పుడు మామ ఎడమ కాలు కూడా కొంచెం తక్కువ ఈడుస్తున్నట్టు నాకు అనిపించింది.

ఆ మూడో ఆదివారమే ఆట అయ్యాక, రేకుల షెడ్డు కింద చాయ్ తాగుతున్నాం. మామ మంచి హుషారుగా ఉన్నాడు.

"మామా, ఏం కర్ర అది? నాకూ ఒకటి చెప్పరాదు" అన్నాడు కాంట్రాక్టరు. నన్ను చూసి ఆ జట్టంతా ఆయన్ను మామా అనే పిలుస్తుంది.

"కర్రల ఏమున్నదయ్యా? అంతా చేతిలున్నది. చేతికి జోరు వచ్చింది" అన్నాడు మామ. ఆ తరవాత నా వైపు గడ్డం ఎత్తి, "గీ అల్లుణ్ణి అడగకు. వీడు అమ్ముతడు గాని వీనికి ఆట ఎర్కనా? రెండుసార్లు ఆడి ఉరికిండు" అన్నాడు.

నలుగురూ నవ్వారు. పెద్ద నవ్వేం కాదు. డాక్టరుది చాయ్ మీద ఊదుతూ నవ్విన నవ్వు, అంతే. ఆ షెడ్డు కింద జోకులు వేసేది మామూలుగా నేను. నా మీద పడటం అదే మొదలు.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టి, మామ సంచిలోంచి హైబ్రిడ్ తీశాను. దుకాణం తాళంచెవితో తల వెనక రెండు గీతలు గీశాను. నల్లరంగు పెచ్చులుగా లేచింది. లోపలి గులాబి రంగు ఎండలో చాలా బాగా కనిపించింది.

"చెయ్యి మామదే. కర్ర మాత్రం ఆడోళ్ళది" అన్నాను. కర్రను వరసగా ఒక్కొక్కరికి చూపించాను.

ఈసారి నవ్వు మొదటిదానిలాంటిది కాదు. డాక్టరుకు చాయ్ ముక్కులోంచి వచ్చింది. బ్యాంకాయన గొంతు అంత పెద్దదని ఆ రోజే తెలిసింది. "ఇంగ మామను ఇంట్ల ఉంచి అత్తమ్మను తోలితే సరి, ఇంకా దూరం కొడతది" అన్నాడు కాంట్రాక్టరు, కళ్ళు తుడుచుకుంటూ. మామ కూడా నవ్వాడు. అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా, ఎడమ పెదవి కదలకుండా.

నా జోకుల్లో అంత బాగా పేలినవి ఎక్కువ లేవు. ఇంటికి పోయాక కూడా రెండుసార్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

నాలుగో ఆదివారం మామ మూడో నంబరు వుడ్ పట్టుకుని వచ్చాడు. హైబ్రిడ్ సంచిలో లేదు. మొదటి ఐదు గుంతలు ఎట్లాగో గడిచాయి. ఆరోదాని దగ్గర మొదటి బంతి నేలబారున పోయి నాలాలో పడింది. రెండోదీ అంతే. మూడోది నాలా దాకా కూడా పోలేదు.

"ఆ గులాబిదే తెచ్చుకోకపోయినవా మామా, ఇక్కడ ఎవరు చూస్తరు?" అన్నాడు కాంట్రాక్టరు. అట్లా అన్నవాడూ, పక్కన ఉన్న ఇద్దరూ, కన్నార్పకుండా చూస్తున్నారు.

మామ నా వైపు చెయ్యి చాపాడు. ఒక బంతి ఇచ్చాను. ఆ నాలాలోంచి ఏరినదే, కడిగినది. దాన్ని పెట్టుకుని, ఈసారి ఉన్న బలమంతా పెట్టి ఊపాడు. ఊపు మధ్యలో ఎడమ చెయ్యి వదిలేసింది, ఆ బరువుకు కుడి చెయ్యీ వదిలేసింది. బంతి పది అడుగులు దొర్లింది. కర్ర గాల్లో తిరుగుతూ పోయి నాలా ఒడ్డున పడింది. ఆ రోజు ఆయన పంపినవాటిలో అన్నిటికంటే దూరం పోయింది అదే. మామ మోకాళ్ళ మీద పడి, కుడి చెయ్యి నేలకు ఆనించి లేవడానికి చూస్తుంటే, డాక్టరు వెళ్ళి పట్టుకుని లేపాడు. నాడి కూడా చూశాడు. డాక్టరు కదా.

"ఇంగ రెస్ట్ తీస్కో మామా. మంచిగైనంక చూద్దాం" అన్నాడు. నవ్వుకుంటూనే అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం సిమెంటు దుకాణపాయన నా షట్టరును ఒంటి చేత్తో ఎత్తి లోపలికి వచ్చాడు. వచ్చే ఆదివారం నుంచి తనూ ఆడుతున్నాడట, మంచి కర్ర కావాలన్నాడు. హైబ్రిడ్ తీసుకోమని అరగంట చెప్పాను. మూడో నంబరు వుడ్ కొనుక్కుని పోయాడు.

మూడు ఆదివారాలు మామ మైదానంలో కనిపించలేదు. షెడ్డు కింద గులాబి గీత జోకు ఇంకా నడుస్తూనే ఉంది. నేను చెప్పకపోయినా వాళ్ళే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు, కొత్తగా వచ్చిన సిమెంటాయనకు మొదటినుంచి చెబుతున్నారు. నాలుగో వారం నేను మామ ఇంటికి పోయాను. సంచిలో ఒక హైబ్రిడ్ పెట్టుకుని పోయాను. పెద్దవాళ్ళ కాడ, దాని అక్షరం ఉన్నదున్నట్టే ఉంచాను. నా దుకాణంలోంచి అట్లా బయటికి వెళ్ళిన మొదటి కర్ర అది.

తలుపు తీసిన అత్త నన్ను చూసి రమ్మనలేదు, వద్దనలేదు. పక్కకు జరిగింది. మామ వసారాలో కుర్చీలో ఉన్నాడు. ముందున్న స్టూలు మీద గోలీల డబ్బా, నీళ్ళ చెంబు.

"మామా, గిది మొగోళ్ళదే. అక్షరం కూడా ఉన్నది, చూడు" అన్నాను. "గులాబి గీతలు ఏం లేవు. రెండు వారాలు ఇంటికాడ ఊపి అలవాటు చేస్కో. డాక్టర్‌తోని నేను మాట్లాడుత. ఐదుగురైనా ఆడొచ్చు, నలుగురే ఆడాలని ఏమన్న చట్టమా?"

మామ కర్ర వైపు చూడలేదు. కుడి చేత్తో గోలీల డబ్బా మూత తీసి, ఒకటి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, మూత మళ్ళీ పెట్టాడు. ఒంటి చేత్తో కాబట్టి అన్నిటికీ చాలాసేపు పట్టింది. నేను నిలబడే ఉన్నాను.

"ఆ కర్ర ఆడోళ్ళదని నాకు పట్టుకున్న దినమే ఎర్కైంది" అన్నాడు మామ. "నువ్వు చెప్పవనుకొని ఆడిన."