ఆంటీ అని పిలిచే ఆటగాడు

అతను నన్ను మొదటిసారి ఆంటీ అన్న రోజున నాకు ముప్పై రెండేళ్లు. అతనికి, వాళ్ల ఫుట్‌బాల్ క్లబ్బు వెబ్‌సైట్ ప్రకారం, ఇరవై ఏడు. ఐదేళ్ల తేడాకే ఆంటీనా! నాకు ఒళ్లు మండిపోయింది. నిజానికి మండుతూనే వెళ్లాను. అమెరికాలో, ప్లేనోలో మేమున్న అపార్ట్‌మెంట్ గోడకి అవతలి నుంచి వారం రోజులుగా దబ్ దబ్ మని ఒకటే మోత. ఇండియా నుంచి అప్పుడే వచ్చిన మా అత్తయ్యగారు నిద్ర కుదరక మధ్యాహ్నం పూట కాస్త కన్ను మూస్తే, ఆ మోతకి ఉలిక్కిపడి లేచేవారు. తలుపు కొడితే చంకలో బంతితో ఆరడుగుల మనిషి తీశాడు. నాకొచ్చిన ఇంగ్లిష్‌లో ఎడాపెడా దులిపేశాను. అంతా తల వంచుకుని విని, "సారీ ఆంటీ" అన్నాడు.

మా ఆయనకి చెబితే పడీ పడీ నవ్వారు. మన ఫ్రెండ్స్ పిల్లలు అనడం లేదా అని సముదాయింపు ఒకటి. వాళ్లు పిల్లలు, వీడికి గడ్డం ఉంది అన్నాను. అతని దేశం నైజీరియాలోనూ పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవరని, ఆంటీ, అంకుల్ అనడం వాళ్లకీ మర్యాదేనని తర్వాత తెలిసింది. తెలిసినా నా మంట చల్లారలేదు.

గోడకి బంతి కొట్టడం మాత్రం ఆ రోజుతో ఆగిపోయింది. ఇంతలో ఇండియన్ స్టోర్‌లో మళ్లీ కనిపించాడు, బొబ్బర్ల ప్యాకెట్ పట్టుకుని. వాటితో ఏం చేసుకుంటావని అత్తయ్యగారు తెలుగులోనే అడిగారు. అతనికి ఎలా అర్థమైందో గాని, నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయా మిరపకాయా వేసి రుబ్బి, నూనెలో వేయిస్తానని చేతులతోనే చూపించాడు. "బొబ్బర్ల వడే కదమ్మాయ్!" అని ఆవిడ మురిసిపోయారు. అతనికి కారు లేదు, మా కార్లోనే ఇంటికి తీసుకొచ్చాం. ఆ రోజు నుంచి మా స్టీలు డబ్బాలు అటూ ఇటూ తిరగడం మొదలైంది.

అతని సంగతులన్నీ ఆ కారులోనే తెలిశాయి. లాగోస్‌లో మొదలుపెట్టి మూడు దేశాల్లో ఆడాడు. ఇక్కడి క్లబ్బు చిన్న లీగ్‌ది. పొద్దున ప్రాక్టీసు, సాయంత్రం పార్కులో పిల్లలకి కోచింగ్. వీసా క్లబ్బు పేరు మీద, కాంట్రాక్ట్ సీజన్ చివరిదాకా. ఆ మాట అతను చెప్పగానే మా ఆయన ముఖం మారిపోయింది. ఆయన గ్రీన్ కార్డు ఏళ్ల తరబడి నడుస్తోంది. కంపెనీ వద్దంటే దేశం వద్దన్నట్టేనని మాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అతనికున్నది ఒక్కటే ఆశ. పెద్ద లీగ్ క్లబ్బు ఒకటి సీజన్ అయ్యాక, ఆడి చూపించమని ట్రయల్‌కి రమ్మంది. తీసుకుంటే మూడేళ్లు నిశ్చింత. లేకపోతే పెట్టె సర్దుకుని వెళ్లిపోవడమే. అది చెబుతున్నప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు.

అత్తయ్యగారి వాకింగ్ టైమూ, అతను ప్రాక్టీసు నుంచి వచ్చే టైమూ ఒకటే. ఇద్దరూ అపార్ట్‌మెంట్ చుట్టూ నడిచేవారు. ఆవిడ తెలుగు, అతను ఇంగ్లిష్, మధ్యలో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు ఆవిడ వచ్చి, చెప్పులు విప్పుతూ గొంతు తగ్గించి అన్నారు. "మెట్లు దిగేటప్పుడు ఆ మోకాలు ఎలా పట్టుకుంటున్నాడో చూశావా? ఇరవై ఏడేమిటమ్మాయ్? మీ మామయ్యగారిలాగే వీడికీ బళ్లో వేసిన వయసొకటి, అసలు వయసొకటి."

మామయ్యగారికి సర్టిఫికెట్‌లో రెండేళ్లు తక్కువ. ఆ పుణ్యాన ఆయనకి ఉద్యోగం రెండేళ్లు ఎక్కువ నడిచింది. ఆ రెండేళ్లూ ఆఫీసు మెట్లెక్కలేక ఎంత అవస్థ పడ్డారో ఆవిడ చెప్పుకుంటూ పోయారు. కాగితం ఏమన్నా మోకాళ్లు వినవు కదా అన్నారు. నేను కసురుకున్నాను. బయట ఎవరి దగ్గరా ఈ మాట ఎత్తొద్దని గట్టిగా చెప్పాను. తెలుగులో చెబితే ఎవరికి తెలుస్తుందిలే అన్నారు ఆవిడ. ప్లేనోలో తెలుగు తెలియనివాళ్లని వెతుక్కోవాలి. నా భయం నాది.

ఆ భయం ఊరికే పోలేదు. ఒక శనివారం మా ఇంట్లో తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్. మా ఆయన ఫ్రెండ్ ఒకాయన ప్లేట్ పట్టుకుని వచ్చి, మీ పక్కింటి ప్లేయర్‌ని చూశాను, ఇరవై ఏడంట, ఎవరి చెవిలో పువ్వులు పెడతాడు అని మొదలుపెట్టాడు. నలుగురూ నవ్వారు. నాకు తిక్క రేగింది.

"మీ బర్త్‌డే ఎప్పుడన్నయ్యా?" అని అడిగాను.

"జూన్ ఫస్ట్" అన్నాడు అలవాటుగా.

"మీ అన్నగారిదీ జూన్ ఫస్టే కదా. మీ అమ్మగారు ఇద్దర్నీ ఒకే తారీఖున కన్నారా?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. తీరా చూస్తే ఆ గదిలో సగంమందికి హెడ్‌మాస్టారు రాసిన పుట్టినరోజులే. ఆ ఫ్రెండ్ కూడా నవ్వేసి మాట మార్చాడు. నేను మాత్రం వంటింట్లోకి వెళ్లి సింక్ పట్టుకుని నిలబడ్డాను. ఇదే జోకు ఈ పెద్దమనిషి ఆ క్లబ్బువాళ్ల చెవిన పడేలా ఇంకెక్కడైనా వేస్తే? నా తమ్ముడి ఇంటర్వ్యూకి కూడా నేనంత బెంగ పడలేదు.

ట్రయల్‌కి వెళ్లే రోజున ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. బయల్దేరే ముందు అత్తయ్యగారు అతన్ని గుమ్మంలో నిలబెట్టి ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశారు. అతను కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని, బుద్ధిగా నిలబడ్డాడు. కారు దిగేటప్పుడు, "నా కోసం ప్రేయర్ చెయ్యండి ఆంటీ" అన్నాడు. ఆ ఒక్కసారికి నాకు కోపం రాలేదు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం డబ్బా తిరిగివ్వడానికి వచ్చాడు. ముఖం చూస్తేనే తెలిసిపోయింది. అయినా ఏమైందని అడిగాను. మా మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే, నాకవి గుర్తున్నది మాత్రం తెలుగులో.

ఆట బాగానే ఆడాడట. రెండు గోల్స్ కూడా వేశాడట. మూడో రోజు డాక్టర్ మోకాలు స్కాన్ తీసి, చాలాసేపు చూసి, చాలా మర్యాదగా, ఎన్నేళ్ల నుంచి ఆడుతున్నావని అడిగాడట. ఇంకేమీ అడగలేదట. సాయంత్రానికి ఫ్లైట్ టికెట్ చేతిలో పెట్టారు.

"తీసుకోలేదు" అన్నాడు.

చివర ఆంటీ లేదు. అది నాకు వెంటనే వినిపించింది.

సోఫాలో కూర్చోమన్నాను. కూర్చుని, "నీకు ముప్పై రెండు కదా, నాకు ముప్పై మూడు" అన్నాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక ఏజెంట్ అతని వయసులోంచి ఆరేళ్లు కొట్టేశాడట. లేకపోతే విదేశాల్లో ఎవరూ చూడరన్నాడట. ఆ ఏజెంట్ నేర్పిన మొదటి పాఠం, కనిపించిన ప్రతివాళ్లనీ ఆంటీ, అంకుల్, సర్ అనమని. అలా అంటుంటే ఎవరికైనా చిన్నవాడిగానే కనిపిస్తావన్నాడు. అప్పటి నుంచీ తనకన్నా చిన్నవాళ్లకి కూడా తలవంచి నమస్కారాలు పెడుతూ వచ్చాడు. సొంత తమ్ముడు కాగితం మీద అన్న అయ్యాడు. ఇంటికి ఫోన్ చేస్తే ఆ తమ్ముడు, పెద్దవాణ్ణి, గౌరవం ఇవ్వు అని ఏడిపించేవాడట. అది చెప్పి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

అత్తయ్యగారికి తెలుగులో చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "అయితే ఇన్నాళ్లూ నీకు అన్నయ్యన్నమాట" అని, కళ్లు తుడుచుకుని వడలకి పిండి రుబ్బడానికి లేచారు.

నెలాఖరుకి వెళ్లిపోయాడు. ఈసారి రెండు పెట్టెలు. బంతిలో గాలి తీసి మడిచి ఒకదాంట్లో పెట్టాడు. ఎయిర్‌పోర్ట్‌లో కారు ఆపి, నేనూ దిగాను. థాంక్యూ అన్నాడు. ఇంకేదో అంటాడని చూశాను. అనలేదు. నాకు ఉన్నట్టుండి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వెనక కార్లు హారన్ కొడుతున్నా లెక్కచెయ్యకుండా అతని మీద అరిచాను.

"ఆంటీ అను! ఎప్పుడూ అనేవాడివి కదా, ఇప్పుడేమైంది? అను!"

అతను పెట్టెలు కింద పెట్టి, మొదటిసారి నా తల మీద చెయ్యి వేశాడు.

"ఇక అక్కర్లేదు చెల్లీ. ఆట అయిపోయింది."