మంద కట్టని ఎకరం

పెద్దమల్లయ్య మామ గొర్రెలు వేసవిలో పదిరోజులు రాత్రిళ్లు నా చేలో మంద కడితే, ఆ ఏడు నాకు ఎరువుల దుకాణంతో పని తగ్గేది. ముప్పై ఏళ్లు అలాగే నెట్టుకొచ్చాను. పెద్దారవీడు చుట్టుపక్కల మందలకు కొదవ లేదు కానీ, రైతులంతా ఆయన కోసమే కాచుకునేవాళ్లు. పొద్దున్నే తడిక తీసేముందు ఆయన జీవాలన్నింటినీ లేపి నిలబెట్టేవాడు. అన్నీ ఉచ్చ పోసి పెంటికలు వేసేదాకా ఒక్కదాన్నీ బయటికి వదిలేవాడు కాదు. మిగతా కాపర్లు లేచీ లేవగానే మేపుకు తోలుకుపోయేవాళ్లు. ఆ ఎరువు బలమంతా దారిపాలు.

"తిన్న సంగటికి ద్రోహం చేయగూడదు అల్లుడా," అనేవాడు మామ.

ఆయనకూ కొండ కింద ఒక ఎకరం పట్టా ఉంది. రాళ్ల నేల, వానే దిక్కు. ఒక్క ఏడాది మన చేలో మంద కట్టమని పార్వతమ్మ అత్త పట్టా చేతికొచ్చిన నాటినుంచీ అడుగుతోంది. సొంత చేలో కడితే సంగటి పెట్టేదెవరు, కూలి కింద కందులు కొలిచేదెవరు? పైగా ప్రతి వేసవిలో నాలాంటివాడు ఒకడు వెళ్లి "ఈ ఒక్క ఏడు మామా" అని బతిమాలేవాడు. నాలాంటివాడేమిటి, నేనే.

మూడేళ్ల కిందట నీలినాలుక రోగం వచ్చి నూట యాభై జీవాల్లో పన్నెండు మిగిలాయి. మామ మోకాళ్లూ అప్పుడే మొరాయించాయి. రైతులు కోళ్లఫారాల ఎరువు ట్రాక్టర్లతో తోలించుకోవడం మొదలుపెట్టారు. నేనూ అంతే. ఆయన్ని పిలిచేవాళ్లే లేరు.

కిందటి వేసవిలో ఆ పన్నెండింటినే తన ఎకరంలో కట్టాడు. రోజుకు నాలుగు మంచాల మేర. తడిక జరుపుకుంటూ ఒక మూల పూర్తిచేసేసరికి వాన పడింది. కంది వేశారు. ఆ మూల ఏపుగా నల్లగా లేచింది. మిగతా చేనంతా మోకాలెత్తు దగ్గరే పాలిపోయి ఆగింది.

చూసి మనసు చివుక్కుమంది. "వచ్చే ఏటికి కోళ్ల ఎరువు ఒక ట్రాక్టర్ తోలిస్తాలే మామా," అన్నాను.

"వద్దు నాయనా. అది వేడి. నీళ్లు పారే చేలకైతే సరే, నా మెట్టకు ఏస్తే పైరు మాడిపోద్ది."

గట్టు మీద కూర్చున్న అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే నీ చేలో మట్టి రెండు ట్రాక్టర్లు తోలియ్యి అల్లుడా. ముప్పై ఏండ్ల మా మంద బలమంతా ఆడనే ఉండాది గదా."

"ఊరుకోయే. సంగటి తిని ఇచ్చినదాన్ని మళ్లా అడుగుతారా?" అని మామ కసిరాడు. ఆ కసురులోనూ ఓపిక లేదు.

ఆమె అడిగింది న్యాయమే. ఏడెకరాల్లో రెండు ట్రాక్టర్ల మట్టి పోతే నాకు తెలియనైనా తెలియదు.

"చూద్దాంలే అత్తా," అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడే ఇవ్వనని నాకు తెలుసు. వాళ్లిద్దరికీ కూడా తెలుసు.