ఊటల తెగ

చేవెళ్లలో బస్సెక్కిన ముసలామె నా పక్కన కూర్చుని, పాత చీరలో చుట్టిన గడ్డపారను ఒళ్లో పెట్టుకుంది. బయట సన్నటి వాన.

“ఎక్కడిదాకా అవ్వా?” అన్నాను.

“మొయినాబాద్ అవతల. రేపు బావి పూడుస్తరట బిడ్డా. మా ఆయన అండ్లనే ఉన్నడు. తవ్వుతందుకు దిగిండో లేదో ఒడ్డు కూలింది. మనిషి దొరకలే. ఇది పైననే ఉండిపాయె.”

ఆమే చెప్పుకుపోయింది.

“భూమి కింద మోకాలెత్తు మనుషులుంటరు. ఊటలు మళ్లించేటోళ్లది ఒక తెగ, వేర్లకు తొవ్వ చేసేటోళ్లది ఒకటి, బండలు మోసేటోళ్లది ఇంకొకటి. పుట్టుక అడగరు. చేతుల పనిముట్టు చూసి తెగల కలుపుకుంటరు. ఈయన ఒట్టి చేతులతోని పాయె. పూడ్చకముందే ఇది ఆయనకు అందియ్యాలె.”

దిగేటప్పుడు గడ్డపారను నా చేతికిచ్చి, కిందికి దిగి మళ్లీ అందుకుంది. చీర తొలగిన మేర, పట్టుకునే చోట ఇనుము నున్నగా అరిగి ఉంది.

ఆ బావి ఉన్న చోట ఇప్పుడు ఎవరిదో ఫామ్‌హౌస్. నిరుడు ఎండాకాలం చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయినా, ఆ ఫామ్‌హౌస్ గోడ పక్క బోరు మాత్రం నీళ్లు పోస్తూనే ఉందని బస్సులో ఎవరో అంటుంటే విన్నాను.

ఆయన్ని ఊటల తెగలో కలుపుకున్నట్టున్నారు.