ఏడో రోజు దాకా పేరు లేని బిడ్డ

1983 జూన్‌లో నాకు టేకులపల్లి అడవి వైపు ఒక సబ్ సెంటర్‌లో ఏఎన్ఎంగా పోస్టింగ్ వచ్చింది. కాన్పులు చేయడం, టీకాలు వేయడం, పసిపిల్లల బరువు చూడటం ఆ ఉద్యోగం. వీటన్నిటికీ రిజిస్టర్లు రాయడం అసలు ఉద్యోగం. మా పైన ఎల్‌హెచ్‌వీ అని ఒక సూపర్‌వైజర్ మేడమ్ ఉండేవారు. రిజిస్టర్‌లో ఖాళీ గడి కనిపిస్తే ఆమెకు ఒంటికి కారం రాసుకున్నట్టుండేది.

‘శిశువు పేరు’ అనే గడి నాకు కొరకరాని కొయ్య అయింది. పుట్టిన రోజే ఎవరు పేరు పెడతారు? పైగా ఆ గడి వెడల్పు బొటనవేలంత. అందుకని మగపిల్లల పొట్టి పేర్లు పోగేయడం మొదలుపెట్టాను. మా పైన ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పీహెచ్‌సీలో హెడ్ నర్సు మలయాళీ. ఆమె కొడుకు లియో, అంటే సింహమట. కాంపౌండర్ గారబ్బాయి నూర్, అంటే వెలుగు. బొగ్గు లారీ నడిపే పంజాబీ ఆయన జీత్, అంటే గెలుపు. పక్క తండాలో సోమవారం పుట్టినవాడు సోమ్లా. ఎక్కడెక్కడి మనుషులో ఇంత చిన్న పేర్లలో అంత అర్థం ఇమిడ్చారని మురిసిపోయేదాన్ని. తీరా రాసేటప్పుడు మాత్రం ఇంటికో రవి ఉండే సత్తుపల్లి దాన్ని కదా, నా చెయ్యి ‘రవి’ దగ్గరికే పోయేది. తల్లులు తర్వాత ఏమని పిలుచుకున్నా గడి నిండేది, మేడమ్ చల్లబడేవారు.

ఆ వానాకాలంలో ఒక కోయగూడెంలో లచ్చమ్మ అనే ఆమెకు కాన్పు చేశాను. అంతకుముందు ఆమెకు ఇద్దరు బిడ్డలు పుట్టి, నెల తిరగకుండానే పోయారు. ఈ మూడోవాడు రెండు కిలోలకు కొంచెం తక్కువ తూగాడు. అలాంటి బిడ్డను రోజు విడిచి రోజు తూచాలి. బరువు మరీ పడిపోతుంటే పాలు చాలడం లేదని అర్థం. రిజిస్టర్‌లోనూ బరువు కార్డు మీదా రవి అని రాసి, కార్డు తండ్రి ఎర్రయ్య చేతికిచ్చి వచ్చాను. ఎర్రయ్య అయిదో తరగతి దాకా చదివినవాడు.

మూడో రోజు త్రాసు పట్టుకుని వెళ్లేసరికి లచ్చమ్మ అత్త సమ్మక్క గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. బిడ్డను చూపించనంది.

“కాయితం మీద గా పేరు ఎవలిది నర్సమ్మా?”

“మీ మనవడిదే.”

“వాడు ఒప్పుకున్నడా?”

నాకు నవ్వొచ్చింది. రవి అంటే సూర్యుడు, మంచి పేరే కదా అన్నాను.

“మంచిదే. సూర్యునికే పెట్టుకో” అంది సమ్మక్క.

అప్పుడు ఎర్రయ్య తమ ఆచారం చెప్పాడు. ఏడో రోజున బిడ్డ అరచేతిలో ఇప్పాకు పెట్టి ఒక పేరు పలుకుతారు. గుప్పిట మూస్తే బిడ్డ ఆ పేరు ఒప్పుకున్నట్టు. ఆకు జారవిడిచినా, ఏడ్చినా వద్దన్నట్టు. మళ్లీ కొత్త ఆకు, కొత్త పేరు. “మీరు వాణ్ని అడగకుంటనే పెట్టిన్రు. గప్పటిసంది పాలు సరిగ తాగుతలేడు. ముందుగాల గది తీసెయ్యిన్రి” అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. పాలు తాగకపోవడానికి కారణం పేరు కాదని నాకు తెలుసు. కానీ బిడ్డను తూచనివ్వకపోవడానికి కారణం ఆ పేరే, అది రాసింది నేనే. ఆ ఇద్దరిలా వీడూ పోతే ఎలా?

రిజిస్టర్‌లో రాసింది కొట్టేయడం అంత తేలిక కాదు. దిద్దకూడదు, చెరపకూడదు. కింది అక్షరాలు కనిపించేలా ఒకే గీత గీసి, తేదీ వేసి, పైవాళ్ల సంతకం తీసుకోవాలి. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి పీహెచ్‌సీకి వెళ్లాను. మెమో ఖాయమనుకున్నాను. మేడమ్ పేజీలు వెనక్కి తిప్పుతూ పోయారు. “ఏందమ్మా, మీ సెంటర్‌ల పుట్టినోళ్లంత రవులేనా?” అన్నారు. పక్కనున్న డాక్టర్ గారు నవ్వి, పేరు లేకుండానే జననం నమోదు చేయవచ్చని, పేరు తర్వాత చేర్చుకునే వీలు నియమాల్లోనే ఉందని చెప్పారు. ఈ సంగతి నాకే కాదు, మేడమ్‌కూ కొత్తే. ఆమె గీత పక్కన సంతకం పెట్టారు.

మర్నాడు పొద్దున్నే ‘లచ్చమ్మ మగబిడ్డ’ అని రాసిన కొత్త కార్డు తీసుకెళ్లాను. ఎర్రయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. సమ్మక్క జరిగి దారి ఇచ్చింది. బిడ్డ బరువు తగ్గింది, చప్పరించే బలం లేదు. చనుబాలు పిండి, రెండు గంటలకోసారి ఉగ్గుగిన్నెతో పట్టమని చేసి చూపించాను. లచ్చమ్మ ఒక్కసారి కూడా తప్పకుండా పట్టింది. నేను రోజూ వెళ్లి చూసి వచ్చేదాన్ని.

ఏడో రోజు నన్నూ కూర్చోమన్నారు. సమ్మక్క ఆకు పెట్టి “జోగ” అంది. ఆకు జారిపోయింది. “కన్న” అంది. మళ్లీ జారింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు, నేను మాత్రం ఆ వేళ్లనే చూస్తున్నాను. బాగా నీరసించిన పసికందు అరచేతిలో ఏది పెట్టినా గుప్పిట మూయదు. మేము చూసే గుర్తుల్లో అదొకటి.

“ఏంది నర్సమ్మా, నీ రవిని గూడ అడుగుదమా?” అని సమ్మక్క నన్ను ఆటపట్టించింది. వద్దు తల్లీ అని దండం పెట్టాను.

మూడో ఆకు పెట్టి “ముత్త” అంది. చిన్న వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. సమ్మక్క మెల్లగా లాగినా ఆకు రాలేదు. లచ్చమ్మ ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. కాసేపటికి తేరుకుని, అలవాటు కొద్దీ ముత్త అంటే అర్థమేమిటని అడిగాను.

“అర్థమేంది? ముత్త అంటే మా మామ” అని సమ్మక్క బిడ్డను నా చేతికిచ్చింది. త్రాసు ముల్లు నాలుగో రోజు కంటే కాస్త ముందుకు జరిగింది.

ఆ తర్వాత నా సర్వీసులో ఏ కోయగూడెంలో కాన్పు చేసినా పేరు గడి ఖాళీగానే ఉంచాను. ఏడో రోజు మాత్రం త్రాసు పట్టుకుని తప్పకుండా వెళ్లాను. ఆ రోజు బిడ్డను ఎవరూ దాచరు, గుప్పిట పట్టు ఎంతో అందరి ముందూ తెలుస్తుంది. వరసగా ఆకులు జారిపోతుంటే పెద్దవాళ్లు ఇంకో పేరు వెతికేవాళ్లు, నేను ఆసుపత్రి జీపు కోసం మనిషిని పంపేదాన్ని.