అప్పయమ్మ అడిగిన నవల

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నేను చూసుకునే తెలుగు సంఘం గ్రంథాలయానికి వచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. "ఆ ఎర్ర అట్ట నవల ఇయ్యమ్మా" అంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? 2008లో సంఘంవాళ్లు ఇంటర్నెట్ పెట్టించాక నా గొంతు కాస్త తగ్గింది. పాత తెలుగు నవలల వివరాలు కథాసారంతో సహా ఒక వెబ్‌సైట్‌లో దొరికేవి. పేరు గుర్తు లేకపోయినా కథలో నాలుగు ముక్కలు చెబితే, ఆ మాటలు కొట్టి వెతికి పెట్టేదాన్ని.

అది విని అప్పయమ్మ పిన్ని వచ్చింది. వ్యాపార్ విహార్ టోకు బజారులో లారీలవాళ్లకు ఇడ్లీలు వేసే మనిషి, చదువు రాదు. వెనకాలే ఆవిడ భర్త, రిటైరైన గూడ్స్ గార్డు గోవిందరావు బాబాయి, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"పెళ్లైన కొత్తలో మీ బాబాయి నాకో నవల సదివి ఇనిపించినారు. సుభద్ర కత. అది మళ్లీ ఇనాలనుందే భానూ" అంది పిన్ని.

కథ కూడా ఆవిడే చెప్పింది. సుభద్ర మొగుడు ప్లీడరు. అత్తింటి బాధ పడలేక సుభద్ర వరదలో పడవెక్కుతుంది, పడవ తిరగబడుతుంది. ఎలాగో బతికి బయటపడి, ఊరుకాని ఊళ్లో హోటలు పెట్టి నిలబడుతుంది. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి వచ్చి, ఇక్కడి భాష రాక, క్వార్టర్లో కూర్చుని రోజూ ఏడ్చే పిన్నికి ఆ సుభద్రే ధైర్యమిచ్చిందట. ఆమె చేసిన పని నేనెందుకు చెయ్యలేనని పొయ్యి ముట్టించిందట.

"పుస్తకం పేరేమిటి బాబాయ్?" అన్నాను.

"గుర్తు నేదమ్మా. పోనీ, వదిలెయ్."

సుభద్ర, పడవ, హోటలు అని కొట్టి వెతికాను. ఏమీ రాలేదు. బాబాయిని మళ్లీ మళ్లీ అడిగితే, ఒకనాడు సుభద్ర కాదు సుగుణ అంటాడు, ఇంకోనాడు అసలది నవలే కాదు నాటకమంటాడు. చివరికి చిర్రెత్తుకొచ్చి "పాడు హోటలు" అని ఆ మాట తీసేశాను. అంతే, నవల వచ్చింది. సుభద్ర, ప్లీడరు మొగుడు, వరద, పడవ. కథాసారం చివరిదాకా చదివాను. సుభద్ర ఏట్లో మునిగి చనిపోతుంది, దాంతో కథ సరి.

ఈసారి సుభద్రనీ పడవనీ తీసేసి హోటలు గురించి వెతికాను. ఇంకో నవల దొరికింది. అందులో హోటలు పెట్టినది రాజ్యం అనే ఆవిడ. డాక్టరు మొగుడు వదిలేసిన మనిషి.

బాబాయికి కబురు పెట్టాను. వచ్చి, తెర మీద చదువుకుని, తల దించుకున్నాడు.

"అప్పట్లో రోజూ ఏడిసేది తల్లీ. ఆ పిల్ల ములిగిపోనాదని ఎలాగ సెప్పను? డ్యూటీలో మేం పడుకునే రన్నింగ్ రూంలో ఈ రెండోది దొరికింది. రాజ్యాన్ని సుభద్రని సేసి సదివేసినాను. దానికి సెప్పకు."

"ఏటి సెప్పకూడదు?" అంటూ పిన్ని లోపలికొచ్చింది. మా ఇద్దరినీ చూసి బల్ల ముందు కూర్చుంది. "మొదట్లో ప్లీడరైన మొగుడు తరవాత డాక్టరైపోనాడు. సదువు నేకపోతే తెలివీ నేదనుకున్నారా? ఇన్నాళ్లూ నేను అడగనేదంతే. ఆ పడవెక్కిన పిల్ల ఏటయిపోనాదో సెప్పు భానూ, అది తెలుసుకోడానికే వచ్చినాను."

నేను బాబాయి వైపు చూశాను. బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మునిగిపోయింది పిన్నీ."

పిన్ని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ తరవాత బాబాయి వైపు తిరిగింది.

"ఆ రోజుల్లో నేనూ ఈ ఊరి అర్పా ఏటికేసి సూసేదాన్ని. మీకు తెలుసా?"

"తెలుసు" అన్నాడు బాబాయి.

నాకు కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి. సిగ్గెందుకు, వచ్చాయి.

"అయితే ఆ రెండోది మళ్లీ సదవండి. ఈసారి ఎవరి పేరు ఆళ్లకి ఉంచి" అంది పిన్ని.

ఆ నవల విశాఖపట్నం నుంచి తెప్పించాను. రోజూ మధ్యాహ్నం ఇడ్లీ కొట్టు కట్టేశాక ఇద్దరూ వచ్చేవారు. బాబాయి చదివేవాడు, పిన్ని వినేది. గ్రంథాలయంలో పైకి చదవకూడదన్న బోర్డు నా చేత్తో రాసిందే. ఆ నవల పూర్తయ్యేదాకా దాన్ని గోడవైపు తిప్పి ఉంచాను.